నేల వాళ్లది, చెట్లు యుస్తీనావి

ఆ ఉదయం నాహోర్ ఖాళీ బుట్టలతో తిరిగొచ్చాడు.

గాడిపొయ్యి అప్పటికే రాజుకుని ఉంది. వరసగా ఐదు కుండలు నోళ్లు తెరుచుకుని చూస్తున్నాయి. తూర్పుగాలి పొగను మెల్లగా సముద్రం వైపు తోస్తోంది. యుస్తీనా పొయ్యిలోకి ఎండుమట్టలు ఎగదోస్తూ, మొగుడి అడుగుల చప్పుడు విని, తలెత్తకుండానే చెయ్యి చాచింది. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ చేతికి నీరాతో నిండిన తాటాకు బుట్ట తగిలేది. చల్లగా, బరువుగా, అప్పుడే పుట్టిన బిడ్డలా. ఆ రోజు గాలి తగిలింది.

"ఏమైంది? పడ్డావా?"

"ఎక్కితే కదా పడటానికి. తాళం వేశారు."

"దేనికి?"

"మన చెట్లకి. ఇప్పుడు మన చెట్లకి గేటుంది. ఇనప గేటు. రాత్రికి రాత్రి మొలిచింది."

నాహోర్ ఎక్కువ మాట్లాడే మనిషి కాడు. బుట్టలు గోడకి తగిలించి, నడుముకున్న గీతకత్తి విప్పి, దాని అంచు మీద బొటనవేలు పెట్టి చూసుకుంటూ కూచున్నాడు. కత్తి పదునుగానే ఉంది. కొయ్యడానికేం లేదు.

గీత చెట్టుకి రోజూ రెండుసార్లు కత్తి పడాలి. పొద్దున ఒక పొర, సాయంత్రం ఒక పొర, ఉల్లిపొర కన్నా పలచగా. ఒక పూట తప్పితే గెల అలుగుతుంది. రెండు రోజులు తప్పితే మూతి ముడుస్తుంది. వారం తప్పితే ఎండిపోతుంది. ఇక ఆ ఏటికి దాని నుంచి బొట్టు రాదు. ఓయెలునా దీవిలో వాన నాలుగు నెలలు కురిస్తే గొప్ప. మిగతా కాలమంతా నీరా కాచిన పాకమే తిండి. పొద్దున్నే చిప్పలో ఇంత పాకం పోసి, నీళ్లు కలిపి తాగి, మనుషులు పనికి పోతారు. సాయంత్రం మొక్కజొన్న ఉంటే నములుతారు, లేకపోతే మళ్లీ పాకమే. 'మీరు తిని బతుకుతారు, మేం తాగి బతుకుతాం' అని పక్క దీవుల వాళ్లతో గొప్పలు పోతారు. ఆ గొప్ప అంతా తాడిచెట్టుదే.

యుస్తీనా పొయ్యిలో మట్టలు బయటికి లాగి, మంట మీద బూడిద చల్లి లేచింది. కొంగు నడుముకి చుట్టింది.

"నువ్వుండు," అంది మొగుడితో. "నీకు మాట రాదు."

గేటు నిజంగానే ఉంది. నల్లరంగు ఇంకా ఆరలేదు. దానికి అటూ ఇటూ సిమెంటు స్తంభాలు, వాటి మధ్య ముళ్లతీగ, ఆ తీగ కొండవాలు నుంచి దిగి ఆటుపోటుల గీత దాకా వెళ్లి ఆగింది. ఆడవాళ్లు నీళ్లు వెనక్కి పోయినప్పుడు గవ్వలకీ, పిల్ల ఆక్టోపస్‌లకీ వెళ్లే కాలిబాట తీగ కింద రెండు ముక్కలై పడుంది. గేటు లోపల నీలంచొక్కా తొడుక్కుని, కొత్త బూట్లలో కాళ్లు ఇబ్బందిగా కదుపుతూ, సొలెమన్ నిలబడ్డాడు. నాహోర్ తమ్ముడు. యుస్తీనాకి మరిది.

"తియ్యి," అంది.

"వదినా, తాళంచెవి నా దగ్గరుంది గానీ తియ్యమన్న మాట నా దగ్గర లేదు."

"నీ మాట ఎవరి దగ్గర కుదువ పెట్టావు?"

"బయటివాళ్లని రానివ్వద్దని కంపెనీ వాళ్లు గట్టిగా చెప్పారు వదినా."

"బయటివాళ్లంటే ఎవర్రా? నిన్ను భుజం మీద ఎక్కించుకుని చర్చికి తీసుకెళ్లిన మీ అన్నా? నీకు చలిజొరమొస్తే మూడు రోజులు చెంచాతో పాకం పోసిన నేనా?"

"పేర్లు రాసివ్వలేదు."

"ఆహా. నిన్నటిదాకా ఈ నేలకి యజమానివి. ఇవాళ దానికే కాపలావి. కుక్క నయం, గేటుకి ఏ పక్క నిలబడాలో దానికి తెలుసు."

సొలెమన్ ముఖం నీలంచొక్కాలోకి దిగిపోయినట్టయింది. అతను సముద్రం పక్కనున్న ఆ నేల అమ్మి ఐదు నెలలయింది. ఊళ్లో అతనొక్కడే కాదు. అలల మీద పలకలేసుకుని జారే తెల్లవాళ్లు రావడం మొదలయ్యాక, ఉప్పుగాలికి ఏ పంటా పండని ఆ ఒడ్డు మీద ఎవరికీ లేని ప్రేమ అందరికీ పుట్టింది. తండ్రులు ఆడపిల్లలకి కూడా ఇవ్వని ముక్కలవి, రాళ్లూ ముళ్లపొదలూ. వాటి కోసం పట్నాల నుంచి కార్లొచ్చాయి. సొలెమన్ ఇంటికి రేకుల కప్పు వచ్చింది, మోటారుసైకిలు వచ్చింది. తర్వాత పెట్రోలు పోయించే దారిలేక మోటారుసైకిలు గోనెపట్టా కింద పడుకుంది. అప్పుడు కంపెనీ వాళ్లు పిలిచి చొక్కా ఇచ్చారు. తాత ముత్తాతల నేల మీద, జీతానికి, నిలబడ్డాడు.

"నేల నువ్వమ్ముకున్నావు. అది నీ ఇష్టం," అంది యుస్తీనా. "నా చెట్లేం చేశావు?"

"నేనేం చెయ్యలేదు వదినా, ఒట్టు. అవి నీవేనని నాకు తెలీదా?"

"నీకు తెలుసు. నీ గేటుకి తెలీదు."

అతని వెనక ఆ ఏడు చెట్లూ కనిపిస్తున్నాయి. ఆకులు ఒకదానికొకటి తగిలి వాన పడుతున్నట్టు చప్పుడు చేస్తున్నాయి. ఆ చప్పుడు వింటే వానలేని నేలకి వాన ఎలా ఉంటుందో గుర్తుండటానికే దేవుడు ఆ చెట్టుని పెట్టాడేమో అనిపిస్తుంది. కొసల్లో నాహోర్ నిన్న సాయంత్రం కట్టిన బుట్టలు వేలాడుతున్నాయి. ఈపాటికి అవి నిండి, పొర్లి, చీమలకీ గబ్బిలాలకీ విందు చేస్తూ ఉంటాయి.

ఆ చెట్ల కథ ఆమె పెళ్లి కన్నా పాతది.

ఒక కరువు ఏడాది నాహోర్ నాన్న తన పిల్లల కోసం కొండ అవతలి ఊరికి వెళ్లి బెనయా అనే ఆయన దగ్గర గేదెని తెచ్చుకున్నాడు. బదులుగా ఒడ్డున ఉన్న ఏడు తాడిచెట్లు ఆయనకిచ్చాడు. నేల ఇవ్వలేదు, చెట్లిచ్చాడు. ఈ దీవిలో అది వింత కాదు. నేల ఒకరిది, దాని మీది చెట్టు మరొకరిది, ఆ చెట్టు గీసే హక్కు ఇంకొకరిది కావచ్చు. చెట్లు పెళ్లిళ్లకీ చావులకీ చేతులు మారుతూ ఊళ్లు దాటుతాయి, ఉన్నచోటనే ఉంటూ. 'నేల నిలబడుతుంది, చెట్టు నడుస్తుంది' అని పెద్దవాళ్ల మాట.

ఆ బెనయా యుస్తీనాకి మేనమామ. ఆమెకి నాహోర్‌తో పెళ్లి కుదిరినప్పుడు మేనమామగా తన వంతు కట్నకానుకలు మగపెళ్లివాళ్ల నుంచి అందుకుని, దానికి మారుగా ఆ ఏడు చెట్లూ మేనకోడలికి ఇచ్చేశాడు. అత్తారి ఊరి ఒడ్డున కోడలి కన్నా ముందే కోడలి సొత్తు వేళ్లూని నిలబడి ఉంది. పెళ్లైన మర్నాడు ఆయన ఆమెని అక్కడికి నడిపించుకెళ్లి, ఒక్కో మొదట్లో కత్తితో గాటు పెట్టి, పేర్లు చెప్పాడు.

"ఇది పెద్దక్క. దీన్ని ముందు గీయించు, లేకపోతే అలుగుతుంది. ఇది మూగది, గాలికి కూడా పలకదు. ఇదిగో ఇది పిసినారి, బొట్టుబొట్టే ఇస్తుంది కానీ కరువులో ఆగదు. ఆ సముద్రం మీదికి ఒంగింది చూడు, అది వగలాడి. అన్నిట్లోకీ తియ్యనిది దానిదే."

"అంత ఒంగింది, పడదా మామా?"

"నీ మొగుడు పడకుండా చూసుకో. అది పడదు."

ఆమె ఆ చెట్ల మీదే బతికింది. ముగ్గురు పిల్లల్ని చంకనేసుకుని పొయ్యి ముందు కూచుంది. పాకం ముదిరిందో లేదో గరిటెతో చూడదు, చెవితో వింటుంది. నీళ్ల చప్పుడు పోయి, బురదలో వాన పడ్డట్టు మెత్తటి బుడగల చప్పుడు వచ్చినప్పుడు కుండ దించుతుంది. ఆమె పాకం జాడీలో ఏడాది ఉన్నా పులవదు. మొక్కజొన్న మాడిపోయిన ఏడాది ఆమె ఇల్లే కాక మరో మూడిళ్లు ఆ ఏడు చెట్ల మీద నడిచాయి. ఆ మూడిళ్లలో సొలెమన్‌ది ఒకటి.

మరి ఆమె సంతకం ఎందుకు పెట్టింది?

ఆ ప్రశ్న ఆమెని గేటు కన్నా ఎక్కువ కాల్చింది. అమ్మకం నాడు ఊరి కచేరీలో హద్దుదారులందర్నీ పిలిచారు. తూర్పు హద్దు నాహోర్ వాళ్లది. టీ ఇచ్చారు, వేయించిన అరటిపళ్లు పెట్టారు. యుస్తీనా చదువురాని మనిషి కాదు. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది ఆమే. కాగితం రెండుసార్లు చదివింది. 'పైన చెప్పిన హద్దుల లోపల నాకు నేల లేదు' అని ఉంది. నిజమే, ఆమెకి అక్కడ జానెడు నేల లేదు. నిజం రాసి ఉన్న కాగితం మీద పేరు రాయడానికి ఎవరైనా ఎందుకు భయపడాలి? 'మరి నా చెట్ల సంగతి?' అని అడగాలని ఆమెకి తోచనేలేదు. ఊళ్లో ఎవరికీ తోచలేదు. సొలెమన్ సంతకం పెట్టిన కాగితంలో మాత్రం 'భూమి, దానిపై మొలిచిన సమస్తమూ' అని ఉంది. సమస్తం అంటే గడ్డీ ముళ్లపొదలూ అనుకున్నాడతను.

పక్కింటి కోడి నా పెరట్లో గింజలేరుతుంటే, నేను పెరడు అమ్మితే కోడిని కూడా అమ్మినట్టా? ఈ దీవిలో పుట్టినవాడెవడూ అలా అనుకోడు. అలా అనుకునేవాళ్లు వేరే చోట పుట్టి, కాగితం రాసుకుని, పడవెక్కి వస్తారు.

గేటు దగ్గర్నుంచి ఆమె నేరుగా ఊరిపెద్ద ఇంటికి నడిచింది. ఆయన అరుగు మీద పందిపిల్లకి మందు పూస్తున్నాడు.

"రా యుస్తీనా, కూచో."

"కూచోను. నా చెట్లకి తాళం వేశారు. మీకు తెలుసా?"

"తెలుసు. కంపెనీ వాళ్లతో మాట్లాడాను. పరిహారం ఏమన్నా ఇస్తారేమోనని అడిగాను కూడా." ఆయన లోపలికెళ్లి ఫైలు తెచ్చాడు. "ఇదిగో వాళ్ల జాబితా. కొబ్బరికి ఇంత, పనసకి ఇంత, అరటికి ఇంత, బొప్పాయికి కూడా ఉంది చూడు."

"తాడికి?"

ఆయన వేలు కాగితం కింది దాకా జారింది. "తాడికి లేదమ్మా. 'దానంతటదే మొలిచేది, ఎవరూ నాటనిది' అని రాశారు. నాటినవాడు లేడు గనక యజమాని లేడంట."

యుస్తీనా ఆ కాగితాన్ని ఆయన వైపే తోసింది.

"నన్నూ ఎవరూ నాటలేదు పెద్దయ్యా. మిమ్మల్నీ నాటలేదు. మనం కూడా మనంతట మనమే మొలిచినవాళ్లమే. మనకి యజమాని లేడని రాశారా, ఉన్నాడని రాశారా?"

"నా మీద అరిస్తే ఏమొస్తుంది?"

"బొప్పాయికి వెల కట్టినవాడు తాడికి కట్టలేదని మీకు రోషం రాలేదే! పొద్దున మీరేం తాగారు? కాఫీయా?"

ఆయన పందిపిల్ల వైపు తిరిగాడు. ఆయన గడ్డం మీద పాకం మరక ఇంకా ఆరలేదు.

అలా నాలుగు రోజులు గడిచాయి. నీళ్లు వెనక్కి పోయినప్పుడు తీగ చివర నుంచి చుట్టూ తిరిగి వెళ్లమని కొందరు నాహోర్‌కి చెప్పారు. సముద్రానికి ఎవరూ తాళం వెయ్యలేదు కదా అన్నారు. అతను వినలేదు.

"ఆవిడ చెట్టుని ఇన్నేళ్లు దర్జాగా ఎక్కాను. ఇప్పుడు దొంగలా ఎక్కితే నీరా పులుస్తుంది," అన్నాడు. ఆ నెలలో అతను మాట్లాడిన పెద్ద మాట అదే.

ఐదో రోజు కంపెనీ మనిషి వచ్చింది. మెలానీ అని రాజధాని అమ్మాయి, ముప్పై దాటి ఉండదు, మర్యాదస్తురాలు. అలాంటి పట్నం అమ్మాయిల్ని దీవిలో 'నోనా' అని పిలుస్తారు. ఇల్లు వెతుక్కుంటూ తనే వచ్చింది, చెప్పులు గుమ్మం బయట విడిచింది, ఇచ్చిన పాకం నీళ్లు మొహం మాడ్చకుండా తాగింది. అంత మర్యాదగా ఉన్నవాళ్ల మీద కోపం తెచ్చుకోవడం ఎంత కష్టమో యుస్తీనాకి ఆ రోజు తెలిసింది.

"అమ్మా, మీరు భయపడుతున్నారని విన్నాను. ఆ చెట్లని మేం ఒక్కటి కూడా నరకడం లేదు. మీకు మాటిస్తున్నాను. ఇదిగో చూడండి," అంటూ నున్నటి కాగితం ఒకటి చేతిలో పెట్టింది.

దాని మీద సాయంకాలపు సముద్రం. దాని ముందు ఏడు చెట్లు. వగలాడికీ పెద్దక్కకీ మధ్య తాళ్లతో కట్టిన ఉయ్యాల, అందులో తెల్లటి పిల్ల ఒకతె పుస్తకం చదువుతోంది. కింద పెద్ద అక్షరాలు: 'తాడిచెట్ల నీడలో మీ సొంత స్వర్గం. ఎనిమిది ఇళ్లు మాత్రమే.'

"బాగుంది కదమ్మా?"

యుస్తీనా బొమ్మని కళ్లకి దగ్గరగా తెచ్చుకుంది. వగలాడి కొసన బుట్ట వేలాడుతోంది. ఆ పక్కన ఆకాశం ఒకచోట మాత్రం కొంచెం చిక్కగా, రుద్దినట్టుగా ఉంది.

"ఇక్కడ మా ఆయన ఉండాలి," అంది.

"ఏంటమ్మా?"

"ఈ బుట్ట దానంతటదే ఎక్కదు నోనా. మీరు బొమ్మ తీసినప్పుడు మా ఆయన పైనున్నాడు. ఆయన్ని తుడిచేశారు. బుట్టని తుడవడం మరిచిపోయారు."

మెలానీ బొమ్మ మీదికి వంగి చూసింది. చెంపలు ఎర్రబడ్డాయి. "అది... బొమ్మలు తయారుచేసేవాళ్లు చూసుకుంటారమ్మా."

"సరే. నరకబోమంటున్నారు కదా. గేటు తియ్యండి. రోజుకి రెండుసార్లు, గంటసేపు."

"అదే కుదరదమ్మా. ఎవరైనా కింద పడితే ఇన్సూరెన్సు వాళ్లు ఒప్పుకోరు. ఇళ్లు కట్టాక పైనుంచి చూస్తే అతిథులు స్నానం చేసే కొలను కనిపిస్తుంది. అర్థం చేసుకోండి. చెట్లు అక్కడే ఉంటాయి కదా? మీరు ఎప్పుడు కావాలన్నా బయట నుంచి చూసుకోవచ్చు."

ఆ నున్నటి కాగితాన్ని యుస్తీనా నేల మీద బోర్లా పెట్టింది.

"చూసుకోవచ్చా," అంది యుస్తీనా. "పాలిచ్చే గేదెని తోలుకుపోయి, నీ గేదె మా దొడ్లో అందంగా ఉంది, గోడ మీంచి చూసుకో అంటే నువ్వు ఊరుకుంటావా నోనా? నా చెట్లు మీకు బొమ్మలా కావాలి. బొమ్మకి ప్రాణం ఉండకూడదు, పని ఉండకూడదు, మొగుడుండకూడదు. అంతేగా?"

"అమ్మా, నేను మంచికే..."

"నీ మంచి నాకు తెలుస్తోంది. అదే నా బాధ. అయితే వినిపో. నేనే నరికిస్తాను."

మెలానీ నవ్వింది. పాపం, అది పరిహాసమనుకుంది.

ఈ దీవిలో నరికిన చెట్టు నరికించినవాళ్లదే. దుంగా, మట్టా, ఆకూ, లోపలి గుజ్జూ అంతా. ఇది నాది అని చెప్పుకోవడానికి అంతకన్నా గట్టి సాక్ష్యం లేదు. దానికో పద్ధతుంది: చెట్టు ఇచ్చినవాళ్ల వంశం మొదటి దెబ్బ వెయ్యాలి, చెట్టు నిలిచిన నేల ఎవరి తాతలదో వాళ్ల వంశం చూస్తూ నిలబడాలి. ఆ ఇద్దరూ ఉండగా ఎవరూ అడ్డుపడకపోతే, ఇక తరతరాలకి ఎవరూ నోరెత్తకూడదు. యుస్తీనా కొండ అవతలికి కబురంపింది. బెనయా పోయి పన్నెండేళ్లయింది. ఆయన కొడుకు ఒబెద్ తాటాకు టోపీ పెట్టుకుని, భుజాన గొడ్డలితో, ఎనిమిదో రోజు తెల్లవారాక దిగాడు.

"ఏ చెట్టు వదినా?"

"పిసినారిని నరుకుదాం," అన్నాడు నాహోర్ మెల్లగా. "ఎలాగూ తక్కువిస్తుంది."

"తక్కువిచ్చేదాన్ని నరికితే వాళ్లకి నొప్పేంటి?" అంది యుస్తీనా. "వగలాడిని."

నాహోర్ చేత్తో మొహం తుడుచుకున్నాడు.

గేటు దగ్గర సొలెమన్ లేచి నిలబడ్డాడు. ఎదురుగా అన్న, వదిన, గొడ్డలి, వెనక ముప్పైమంది ఊరివాళ్లు.

"వదినా, వద్దు. నా ఉద్యోగం పోతుంది."

"పోతుంది," అంది. "ఆ నేల నీ వాటాకొచ్చింది, మీ వంశం తరఫున నువ్వే నిలబడాలి. నువ్వు లేకపోతే ఈ నరుకుడు చెల్లదు. మీ నాన్న ఆ గేదె పాలు నీకే తాగించాడు సొలెమన్. నువ్వప్పుడు చంకలో ఉన్నావు. ఇప్పుడు చెప్పు, నువ్వు కంపెనీ మనిషివా, ఆ ముసలాయన కొడుకువా? రెండూ కుదరవు."

అతను తాళంచెవి వైపు చూశాడు. తర్వాత గేటు తీశాడు. తీసి, ఆ బూట్లు విప్పి గేటు పక్కన పెట్టి, వట్టికాళ్లతో వాళ్ల వెంట నడిచాడు.

యుస్తీనా వగలాడి మొదట్లో ఉన్న పాత గాటు మీద అరచెయ్యి ఆనించింది. ఏమందో ఎవరికీ వినపడలేదు. పక్కకి జరిగింది. ఒబెద్ మొదటి దెబ్బ వేశాడు.

తాడి నల్లటి చెట్టు, ఇనుములాంటిది, తొందరగా లొంగదు. గొడ్డలి మోత కొండకి తగిలి తిరిగొచ్చింది. ఆ మోతకి మెలానీ తను దిగిన అతిథుల ఇంటి నుంచి, తడిజుట్టుతో, పరుగున వచ్చింది.

"ఆపండి! ఏం చేస్తున్నారు? ఇది కంపెనీ ఆస్తి!"

"కంపెనీ ఎక్కడ నోనా? పిలువు. వచ్చి గొడ్డలి కింద నిలబడమను."

"రేపు కొనేవాళ్లు పడవలో వస్తున్నారు. వాళ్లు ఆ బొమ్మ చూసే కొంటున్నారు! సొలెమన్, ఆపు వాళ్లని!"

సొలెమన్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నేను ఆపకూడదమ్మా," అన్నాడు. "చూస్తూ నిలబడాలి. మా పద్ధతి."

"మీరు సంతకం పెట్టారు కదా!" అంది మెలానీ యుస్తీనా వైపు తిరిగి. దాదాపు ఏడుస్తోంది.

"పెట్టాను. నాకిక్కడ నేల లేదని పెట్టాను. ఇప్పటికీ లేదు. నేను నీ నేలని నరుకుతున్నానా?"

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. అప్పుడే వగలాడి మూలిగింది. అంతసేపూ గాలికి పలికిన ఆకులు ఒక్కసారిగా మౌనమయ్యాయి. తర్వాత అది సముద్రం మీదికి, ఎన్నాళ్లుగానో వెళ్లాలనుకుంటున్న వైపుకే, ఒరిగింది. నీళ్లు లేచి అందరి మీదా పడ్డాయి. పైనున్న బుట్ట చితికి, ఎనిమిది రోజుల పులిసిన నీరా వాసన ఒడ్డంతా పరుచుకుంది.

యుస్తీనా మొహం మీది ఉప్పునీళ్లు కొంగుతో తుడుచుకుంది.

"రెండోది పెద్దక్క," అంది యుస్తీనా.

మెలానీ ఫోనులో ఎవరితోనో గొంతు తగ్గించి, పెంచి, మళ్లీ తగ్గించి మాట్లాడింది. చివరికి ఇళ్ల పటం వెనక తెల్లవైపు తిప్పి, ఒబెద్ వీపు మీద ఆనించి, గబగబా రాసింది. ఊరిపెద్ద ముద్రతో సహా అప్పటికే వచ్చి నిలబడ్డాడు. ఇలాంటి వేళకి రావడం ఆయనకి బాగా తెలుసు. యుస్తీనా కాగితం తీసుకుని మొదటిసారి చదివింది, రెండోసారి చదివింది. ఈసారి రాసి ఉన్నవి మాత్రమే కాదు, రాయనివి కూడా చదివింది.

"'స్థానిక ఆచారాల మీద గౌరవంతో, యాజమాన్యం దయతో, చెట్లెక్కడానికి అనుమతిస్తున్నాం'. దయ ఎవరిది నోనా?"

"అది మర్యాదకి రాసే మాటమ్మా."

"కొట్టెయ్. అనుమతి కూడా కొట్టెయ్. 'ఈ చెట్లు యుస్తీనావి' అని రాయి. మూడే మాటలు. సిరా మిగులుతుంది."

"అలా రాస్తే పైవాళ్లు నన్ను వదలరు."

"నన్ను మీ పైవాళ్లు వదిలారా? ఒబెద్, గొడ్డలెత్తు."

ఒబెద్ పెద్దక్క దగ్గరికి నడిచాడు. గొడ్డలి పైకి లేచి ఎండలో ఒక్క క్షణం ఆగింది. మెలానీ కలం దింపింది. మూడు మాటలు రాసింది. పొద్దునా సాయంత్రం గేటు తెరవాలని కింద యుస్తీనాయే చెప్పి రాయించింది. ముద్ర పడింది.

ఊరు పండగ చేసుకుంది. పంది కోస్తామన్నారు, పాటలన్నారు. ఊరిపెద్ద తన పలుకుబడి వల్లే అంతా జరిగిందని నలుగురికి చెప్పుకున్నాడు. ఒడ్డున నేలలమ్ముకున్న మరో ఇద్దరు తమ తమ చెట్ల సంగతి గుర్తొచ్చి మెల్లగా వచ్చి కూచున్నారు. నాహోర్ ఆ సాయంత్రమే ఆరు చెట్లూ ఎక్కి దిగాడు. నాలుగు గెలలు ఎండిపోయాయి. మూగదీ పిసినారీ మాత్రం కత్తి తగలగానే కొంచెం చెమర్చాయి. ఈ ఏటికి ఆ రెండే. జాడీలు సగానికి నిండితే గొప్ప. ఆ లెక్క కాగితంలో ఎక్కడా లేదు.

మర్నాడు పొద్దున యుస్తీనా ఒడ్డుకి లాగిన దుంగ పక్కన కూచుని మట్టల నుంచి నార తీస్తుంటే సొలెమన్ వచ్చాడు. ఒంటి మీద నీలంచొక్కా లేదు.

"తీసేశారు వదినా."

"మంచిది. చిప్పలో పాకముంది, తాగు."

"ఇప్పుడేం చెయ్యను?"

"చెట్లెక్కడం మర్చిపోయావా? మీ అన్నకి మోకాళ్ల నొప్పులు. రేపట్నుంచి పొద్దున పూట నీది."

అతను పాకం నీళ్లు గటగటా తాగి, మూతి తుడుచుకుని, కొంచెం తెప్పరిల్లాడు. "ఏదైతేనేం వదినా, గెలిచావు. ఊరంతా నీ పేరే చెప్పుకుంటున్నారు."

యుస్తీనా చేతిలో నార ఆపింది. ఆమె కళ్లు ఆరి, ఎర్రగా ఉన్నాయి.

"నా మామ ఇచ్చింది, నా మొగుడు ఎక్కింది, నా పిల్లలు తాగింది. అది నాదని ఈ ఊళ్లో పుట్టిన ప్రతి పంది పిల్లకీ తెలుసు. దాన్ని నాదని ఒక పరాయిపిల్ల చేత రాయించుకోవడానికి అన్నిట్లోకీ తియ్యని చెట్టుని నేనే పడగొట్టుకున్నాను. దీన్ని గెలుపని ఇంకోసారి అన్నావంటే సొలెమన్, ఆ చిప్ప తీసి నీ నెత్తిన వేస్తాను. పో, పోయి కత్తి నూరుకో."